జగ్గారావు కళ్ళూ, మెలకువ యంత్రమూ

జగ్గారావు నిద్రపోతుండగా కళ్ళారా చూశామని ప్రమాణం చేసి చెప్పేవాళ్ళు విశాఖపట్నం హార్బరు పరిసరాల్లో కొల్లలుగా దొరుకుతారు. వాళ్ళలో ఒక్కడైనా అతను నిద్రపోవడం చూసిన పాపాన పోలేదు. చూసిందల్లా అతని కళ్ళు.

అవి అలాంటి కళ్ళు మరి. చిన్నవి. పైగా పైరెప్పలు బరువుగా సగం దాకా వాలి ఉంటాయి. భోగాపురం పక్కన వాళ్ళ ఊళ్ళో తాతకీ అవే కళ్ళు, తండ్రికీ అవే కళ్ళు. కానీ వాళ్ళిద్దరూ నాగలి పట్టారు గనక, మేలుకుని దున్నుతున్నారా నిద్రలో దున్నుతున్నారా అన్న సంగతి ఎద్దులు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. జగ్గారావు బడికెళ్ళాడు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి. లెక్కల మేష్టారు పాఠం చెబుతూ చెబుతూ వచ్చి అతని నెత్తిన ఠంగుమని మొట్టేవారు. "నాను నిద్రోతన్నేదు మేష్టారూ" అంటే, నిద్రపోయిందే కాక అబద్ధం కూడానా అని ఇంకొకటి మొట్టేవారు. ఆయన పాఠానికి నిజంగా నిద్రపోయే పిల్లలు తరగతి నిండా ఉండేవారు. వాళ్ళవి చారెడేసి కళ్ళు, కాబట్టి వాళ్ళు బుద్ధిమంతులు.

పెళ్ళిచూపుల్లోనూ ఇదే తంతు. పిల్ల మేనమామ పెళ్ళికొడుకు మొహం కేసి ఒకసారి చూసి, "ఓలమ్మా, కుర్రోడు కునుకుతన్నాడు, బేగి కాఫీ అట్రండి" అని లోపలికి కేకేశాడు. అందరూ నవ్వారు. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాడు జగ్గారావు. కానీ పిల్ల ఒప్పుకుంది. ఆమె పేరు గౌరీశ్వరి. ఎందుకు ఒప్పుకున్నావని ఎవరడిగినా ఆమె ఇప్పటికీ ఒకే మాట చెబుతుంది: "ముందొచ్చినోల్లంతా సంతలో గొడ్డుని సూసినట్టు సూసినారు. ఈయన సూత్తన్నాడో నేదో కూడా నాకు తెల్నేదు. అదే నచ్చింది."

దేవుడి దగ్గర కూడా మినహాయింపు లేకపోయింది. జగ్గారావు ఇంకా బడికి వెళ్ళని వయసులో వాళ్ళమ్మ వరహాలమ్మ చందనోత్సవానికి అతన్ని సింహాచలం తీసుకెళ్ళింది. ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉండే అప్పన్న, ఆ ఒక్కరోజు మాత్రం చందనం వలిపించుకుని నిజరూపంలో కనిపిస్తాడు. ఆ నాలుగు క్షణాల కోసం జనం కొండ మీద ఎండలో మాడతారు. తీరా దేవుడి ఎదురుగా వచ్చాక వెనకనున్న ఆసామి ఒకడు, "పిల్లడు తొంగున్నాడు కదమ్మా, ఎందుకు మోసుకొచ్చినావు" అన్నాడు. వరహాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొడుకుని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, "ఇప్పరా కళ్ళు! ఏడాదికో పాలి అగుపిస్తాడు. అందరూ కళ్ళు మూసుకుని దణ్ణాలెట్టుకుంతారు, నువ్వు మూసుకోకు. అసలే నీకు ఆయనిచ్చినవి ఇంతింత కళ్ళు!" అని గుళ్ళో అందరూ వినేలా అరిచింది.

ఆ రోజు ఇప్పిన కళ్ళు జగ్గారావు మళ్ళీ దేవుడి ముందు మూయలేదు. గుడి గానీ పటం గానీ ఎదురైతే చాలు, అందరి కళ్ళూ మూతపడతాయి, అతనివి మాత్రం కనుబొమలు నుదుటి మీదికి ఎక్కేంతగా విచ్చుకుంటాయి. పక్కవాళ్ళు చూసి, ఇతనికేదో పూనుతోందని కాస్త దూరం జరిగి నించునేవారు. అమ్మ పోయాక కూడా ఏటా చందనోత్సవానికి వెళ్ళి ఆ మాట నిలబెడుతూనే ఉన్నాడు.

తొంభై రెండులో అతనికి హార్బర్లో ఒక ప్రైవేటు కంపెనీలో క్రేన్ పని దొరికింది. ఓడలో వచ్చిన బొగ్గుని ఇనప పిడికిలితో పట్టుకుని, గాల్లో తిప్పి, ఒడ్డున లారీల్లోకి వదలాలి. కింద సరుకు దించే కళాసీలు తిరుగుతుంటారు. పిడికిలి ఒక అడుగు తప్పితే కింద మనిషి ఉండడు. జగ్గారావు చేతిలో అది ఎప్పుడూ తప్పలేదు. అయితే అతను ఆ ఉద్యోగాన్ని ప్రేమించడానికి కారణం వేరే ఉంది. అద్దాల గది అంత ఎత్తున ఉంటుంది. అక్కడ కూర్చుంటే అతని మొహం ఎవడికీ కనపడదు. కిందివాళ్ళకి కనపడేది అతని పని ఒక్కటే. ప్రపంచం మొత్తం మీద తనని నిద్రమొకం అనే నాథుడు లేని చోటు అదొక్కటే అని అతనికి తెలుసు. ఆ సీటు మీద అతనికున్న మమకారం అంతా ఇంతా కాదు.

పదిహేనేళ్ళు పోయాక, సరిగ్గా ఆ చోటికే కెమెరా పట్టుకొచ్చారు మహానుభావులు.

దానికి మూలపురుషుడు అర్జునరావు. జగ్గారావు పక్క క్రేన్ ఆపరేటరు, వరసకి బావ కాకపోయినా నోటికి బావ. అర్జునరావువి గుడ్లగూబ కళ్ళు. లారీల కోసం ఆగినప్పుడల్లా హాయిగా ఒక కునుకు తీయడం అతని విద్య. ఓ మధ్యాహ్నం ఆ కునుకులోనే మీట లాగేశాడు. పిడికెడు బొగ్గు లారీలో పడకుండా లారీ డ్రైవరు కూర్చునే గది మీద పడింది. డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడు కాబట్టి బతికి బయటపడ్డాడు.

విచారణ చేసినవాడు సేఫ్టీ ఆఫీసరు భీమశంకరరావు. గోదావరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఆయన దృష్టిలో భద్రత అంటే బోర్డులు. యార్డులో అడుగడుగునా 'భద్రతే మన ఊపిరి' అని రాయించాడు. బొగ్గు ధూళికి ఆ అక్షరాలు కనపడవు, ఊపిరీ ఆడదు. "నిద్రపోయావా?" అని ఆయన అడిగితే, "నేదు సార్" అన్నాడు అర్జునరావు, గుడ్లు మిటకరిస్తూ. అంతంత కళ్ళున్నవాడు నిద్రపోయాడంటే ఎవరు నమ్ముతారు? బ్రేకుదే తప్పని తేల్చారు. అయినా హైదరాబాదు ఆఫీసు ఊరుకోలేదు, ఏదో ఒకటి చెయ్యమంది. అప్పుడు భీమశంకరరావుకి మేనల్లుడు గుర్తొచ్చాడు.

మేనల్లుడి పేరు సందీప్. మధురవాడలో ఒక అపార్టుమెంటు ఫ్లాటులో ఇద్దరు స్నేహితులతో కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే మూడు కంప్యూటర్లు, గుమ్మం మీద ఇంగ్లీషు బోర్డు, వెనక గదిలో గ్యాసు పొయ్యి. ఇంటర్నెట్ సెంటర్లలో పిల్లలు మొహాలు చూసుకుంటూ కబుర్లాడుకునే మామూలు వెబ్‌కామ్ ఉంటుంది కదా, దానితో మనిషి కళ్ళని కనిపెట్టి చూసే యంత్రం తయారుచేస్తానన్నాడు. కళ్ళు తెరిచి ఉంటే ఊరుకుంటుంది. కాసేపు మూతపడితే కుయ్యిమని కూస్తుంది, ఎవరు ఎప్పుడు నిద్రపోయారో ఆఫీసుకి చెబుతుంది. విదేశాల్లో ఇలాంటి యంత్రాలకి ప్రత్యేకమైన కెమెరాలు వాడతారనీ, తను మాత్రం డాబాగార్డెన్స్‌ బజార్లో దొరికే మామూలు కెమెరాతో సాధిస్తాననీ చెప్పాడు. భీమశంకరరావు పొంగిపోయాడు. చవకగా వచ్చే శాస్త్రవిజ్ఞానమంటే ఆయనకి ప్రాణం.

మొదటి పరీక్ష మేనమామ మీదే జరిగింది. కెమెరాని టేబుల్ మీద, ఆయన గడ్డం కిందుగా పెట్టారు. ఆయన కళ్ళు మూశాడు, యంత్రం కూయలేదు. తెరిచాడు, కూయలేదు. గుర్రు పెట్టినట్టు నటించాడు, అప్పుడూ కూయలేదు. చివరికి తేలిందేమిటంటే, అది ఆయన ముక్కు రంధ్రాలనే కళ్ళనుకుంటోంది. అవి ఎప్పుడూ మూసుకోవు గనక భీమశంకరరావు దాని లెక్కలో శాశ్వతంగా మెలకువగా ఉన్నాడు. కెమెరాని పైకి మార్చారు. అప్పుడు కళ్ళజోడు మీద ట్యూబులైటు మెరిసి చూపు చెడింది. లైటు మార్చారు. స్నేహితుల్లో ఒకడు పక్కకి తిరిగితే అతని చెవినే కన్నుగా పట్టుకుంది. అదీ సరిచేశారు. సందీప్ పనిమంతుడే, ఆ మాట ఒప్పుకోవాలి. అన్నం కూడా కీబోర్డు ముందే తిన్నాడు.

ఒకరి కళ్ళు పెద్దవనీ ఇంకొకరివి చిన్నవనీ కూడా అతనికి తట్టింది. అందుకని ఒక ఏర్పాటు చేశాడు. డ్యూటీ ఎక్కగానే ఆపరేటరు బొత్తాం నొక్కాలి. తెర మీద ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. దాని వంక కాసేపు చూడాలి. ఆ కాసేపట్లో, ఈ మనిషి కళ్ళు తెరిస్తే ఇంత ఉంటాయన్నమాట అని యంత్రం నేర్చుకుంటుంది. అందులో సగానికి తగ్గితే నిద్ర అని తెలుసుకుంటుంది. స్నేహితుల మీదా, కింది ఫ్లాటులో ఉండే ఆశాజ్యోతి మీదా, వాచ్‌మన్ మీదా పరీక్షించారు. ఒక్క తప్పు రాలేదు. ఇప్పటికీ ఆ చుక్కే ఉండి ఉంటే ఈ కథ లేదు.

కానీ భీమశంకరరావు చూశాడు చుక్కని. "చుక్కేంట్రా, అశుభంగా! పొద్దున్నే డ్యూటీ ఎక్కేవాడు దేవుణ్ణి చూడాలి గానీ చుక్కని చూస్తాడా? అప్పన్న పటం పెట్టు" అన్నాడు.

"కెమెరా వైపు చూస్తే చాలు మావయ్యా, ఏ బొమ్మయినా ఒకటే" అన్నాడు సందీప్. పెట్టేశాడు. బొమ్మ మార్చినందుకు కూడా మళ్ళీ పరీక్షలు చేసే ఓపిక ఎవడికుంది?

మంచిరోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, క్రేన్ గదుల్లో యంత్రాలు బిగించారు. ఎలక్ట్రీషియన్ పైకెక్కి బిగించాడు. అంత ఎత్తు ఎక్కితే కళ్ళు తిరుగుతాయని సందీప్ కిందే ఉండి సలహాలిచ్చాడు. కాబట్టి పైన ఏం జరిగిందో అతనికి తెలియదు. మీకు నేను చెబుతాను. అర్జునరావు బొత్తాం నొక్కాడు. తెర మీద నిండుగా అప్పన్న ప్రత్యక్షమయ్యాడు. అర్జునరావు రెండు చేతులూ జోడించి, భక్తిగా కళ్ళు మూసుకుని, పిల్లాపాపల్ని చల్లగా చూడమని దణ్ణం పెట్టుకున్నాడు. ఈ లోగా యంత్రం పాఠం నేర్చేసుకుంది: ఈ మనిషి మెలకువగా ఉన్నప్పుడు కళ్ళు ఇలా ఉంటాయి! ఇక ఆ తరవాత అతను ఎంత గాఢంగా నిద్రపోయినా దానికి కొత్తేముంది? మిగతా ఆపరేటర్లూ పాపం దైవభక్తి ఉన్నవాళ్ళే. ఒక్కడు కూడా అప్పన్న కేసి కళ్ళు తెరిచి చూడలేదు.

జగ్గారావు ఒక్కడే చూశాడు. అమ్మ చెప్పినట్టు, ఉన్న కళ్ళన్నీ తెరిచి చూశాడు. ఈ మనిషి కళ్ళు ఇంత పెద్దవన్నమాట అనుకుంది యంత్రం. ఆ తరవాత అతను మామూలుగా పనిలో పడ్డాడు. కనుబొమలు దిగాయి, రెప్పలు తమ చోటికి తాము వాలాయి. యంత్రం కుయ్యిమంది.

ఆ రోజు మొత్తం కూసింది. మర్నాడూ కూసింది. పిడికిలిని ఓడలోకి దించుతున్నా కూత, పైకెత్తుతున్నా కూత. కింద కళాసీలు మొదట హడిలిపోయారు, తరవాత అలవాటు పడ్డారు. "కూత ఇనబడతందంటే జగ్గన్న డూటీ ఎక్కినాడన్నమాట" అని నవ్వుకునేవారు. ఆఫీసులో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, యంత్రం చెప్పింది, భీమశంకరరావు నమ్మాడు. యార్డులో నిద్రపోయేవాడు ఒకే ఒక్కడని తేలిపోయింది. అతనేనని యంత్రం చెప్పకముందే తెలుసని కూడా అన్నారు, ఆ మొహం చూస్తే తెలియడం లేదూ?

అర్జునరావుకి ఉత్తమ జాగరూకత ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని అందుకోడానికి అతన్ని క్రేన్ గదిలో తట్టి లేపాల్సి వచ్చింది.

జగ్గారావుని కిందికి దించేశారు. విచారణ పూర్తయ్యేదాకా బొగ్గు కుప్పల మీద నీళ్ళు కొట్టే పని ఇచ్చారు. ధూళి లేవకుండా రబ్బరు గొట్టంతో తడపాలి. అక్కడ అతని మొహం అందరికీ కనపడుతుంది. వచ్చే పోయే లారీ డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటి గురూ, తొంగునే తడుపుతన్నావా?" అని అరిచేవారు. అతను గొట్టం ఇంకో కుప్ప వైపు తిప్పేవాడు. ఇన్నాళ్ళూ పైన దాచుకున్న మొహాన్ని నలుగురి మధ్యా పెట్టి నిలబెట్టినందుకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చి గౌరీశ్వరితో, "నానెప్పుడైనా పడుకున్నానా? నువ్వే సెప్పు" అనేవాడు.

"ఇంట్లో కూడా సరిగా పడుకోవు కదా, అక్కడేం పడుకుంతావు" అనేది ఆమె. అది నిజం. అతనికి నిద్ర తక్కువ.

విచారణకి హైదరాబాదు నుంచి పెద్ద మేనేజరు వచ్చాడు. భీమశంకరరావు యంత్రాన్ని ఆఫీసు గదిలో టేబుల్ మీద పెట్టించి, అటూ ఇటూ మేనల్లుణ్ణీ జగ్గారావునీ నిలబెట్టి, ఇస్త్రీ మడత నలగకుండా కుర్చీలో కూర్చున్నాడు. "ముందు నేను చూపిస్తాను సార్. నేను కళ్ళు మూస్తాను, కూస్తుంది. తెరుస్తాను, ఆగుతుంది. తరవాత ఇతన్ని కూర్చోబెడదాం. మీకే తెలుస్తుంది" అన్నాడు.

బొత్తాం నొక్కాడు. అప్పన్న వచ్చాడు. భీమశంకరరావు చేతులు జోడించి కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. తరవాత కళ్ళు తెరిచి, అందరికేసీ దర్జాగా ఒకసారి చూసి, ఈసారి పరీక్ష కోసం మళ్ళీ మూశాడు.

ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

"కూసిందా?" అని అడిగాడు, కళ్ళు మూసుకునే.

పెద్ద మేనేజరు యంత్రం వైపు కాస్త వంగాడు.

"కూసిందా అండీ?"

"లేదు" అన్నాడు పెద్ద మేనేజరు.

వైరు వదులైందేమో అన్నాడు భీమశంకరరావు. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఈసారి కష్టంలో ఉన్నాడు గనక అప్పన్నకి ఇంకాస్త ఎక్కువసేపు దణ్ణం పెట్టుకున్నాడు. యంత్రం ఇంకాస్త బాగా నేర్చుకుంది. ఎంతసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నా చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. మూడోసారి దండం పెడుతుండగా సందీప్ మొహం తెల్లబోయింది. "మావయ్యా, ఒక్కసారి మీరు లేవండి" అని, జగ్గారావుని కూర్చోబెట్టాడు.

జగ్గారావు అప్పన్నని చూశాడు. కనుబొమలు నుదుటికెక్కాయి, కళ్ళు విచ్చుకున్నాయి. పటం పోయి తెర ఖాళీ అయ్యాక అతను పెద్ద మేనేజరు వైపు తిరిగి, చేతులు కట్టుకుని, మర్యాదగా కూర్చున్నాడు. యంత్రం కుయ్యిమంది.

"కళ్ళు తెరిచే ఉన్నాడు కదయ్యా!" అన్నాడు పెద్ద మేనేజరు.

సందీప్ నీళ్ళు నములుతూ జరిగిందంతా చెప్పాడు. జగ్గారావుకి సగం అర్థమైంది, ఆ సగానికే గుండె తేలికపడింది. తను నిద్రపోలేదని ఆ యంత్రమే ఒప్పుకున్నట్టయింది. జీవితంలో మొదటిసారి ఒకరు, అతను మేలుకుని ఉన్నాడని పదిమంది ముందు నోరు తెరిచి చెప్పారు.

"అయితే ఆ పటం తీసెయ్యండి" అన్నాడు పెద్ద మేనేజరు.

"తీసెయ్యమంటారా సార్? అప్పన్ననా?" అన్నాడు భీమశంకరరావు, చెవులు మూసుకోబోతూ.

"నేనలా అన్లేదు" అన్నాడు పెద్ద మేనేజరు గబుక్కున.

"తీయక్కర్లేదు మావయ్యా. పటం తరవాత చుక్క పెడితే సరిపోతుంది. గంట పని" అన్నాడు సందీప్.

అప్పుడు వెలిగింది భీమశంకరరావుకి అసలు సంగతి. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించాడు. "సార్, ఇప్పుడు మన యార్డులో నిద్రపోయేవాడు ఒక్కడు. మా మేనల్లుడు యంత్రాన్ని సరిచేశాడనుకోండి, ఎంతమంది తేలతారు? భద్రత అవార్డుకి మన పేరు పంపించేశాం. ఆలోచించండి."

పెద్ద మేనేజరు ఆలోచించాడు. పెద్ద చదువులు చదివినవాడు, ఎక్కువసేపు పట్టలేదు. యంత్రం బాగానే ఉందని తేలింది. లోపమల్లా ఒక్క ఆపరేటరు దానిని సరిగ్గా వాడకపోవడంలో ఉందని కూడా తేలింది. జగ్గారావు తప్పు మన్నించారు. రేపట్నుంచి తిరిగి క్రేన్ ఎక్కవచ్చు, ఒకటే షరతు: బొత్తాం నొక్కాక అందరిలాగే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోవాలి.

"నాను దేవుడి ముందర కళ్ళు మూసుకోను సార్. మా యమ్మ వద్దంది" అన్నాడు జగ్గారావు.

"అయితే నీళ్ళ గొట్టం ఉంది. శుభ్రంగా పట్టుకో" అన్నాడు భీమశంకరరావు.

బయట అర్జునరావు పట్టుకున్నాడు అతన్ని. "బావా, ఒక్క రవ్వ కళ్ళు మూసుకుంతే ఏటోతాది? అది పటమే గదా. నిజం దేవుడేటి కాదు గదా. నానైతే అలగే గంటల తరబడి మూసుకుంతన్నాను, ఏటైనా అయినాదా?" అన్నాడు. ఆ రోజు నీళ్ళు కొడుతుంటే మళ్ళీ ఒక లారీ ఆగింది, మళ్ళీ ఒక తల బయటికొచ్చింది. తల ఏమందో జగ్గారావు వినిపించుకోలేదు, కానీ పైకి, ఖాళీగా ఉన్న తన అద్దాల గది వైపు చూశాడు. మర్నాడు క్రేన్ ఎక్కి, బొత్తాం నొక్కి, పటం రాగానే కళ్ళు మూసుకున్నాడు. యంత్రం నోరు మూసుకుంది.

ఆ పైన యార్డంతా ప్రశాంతం. ఒక్క కూత లేదు. ఒక్క ఆపరేటరూ ఒక్క క్షణమైనా నిద్రపోని కంపెనీ ఇదేనని అవార్డు వచ్చింది. భీమశంకరరావు శాలువాతో పేపర్లో పడ్డాడు. మరో రెండు కంపెనీలు సందీప్‌కి కబురు పెట్టాయి, అప్పన్న పటంతో సహా కావాలన్నాయి. జగ్గారావు రోజూ అద్దాల గదిలో ఎవరికీ కనపడకుండా కూర్చుని బొగ్గు దించుకున్నాడు. డ్యూటీ మొదట్లో కళ్ళు మూసుకోవడం మొదటి వారం కష్టంగా ఉండేది. తరవాత అలవాటైపోయింది. అలవాటైన సంగతి అతను గమనించలేదు.

చందనోత్సవం వచ్చింది. ఎప్పట్లాగే సెలవు పెట్టి, గౌరీశ్వరితో కలిసి తెల్లవారకముందే వరసలో నించున్నాడు. ఎండెక్కింది. తోపులాట, చెమట, మజ్జిగ పొట్లాలు, గోవింద నామాలు. వరస అంగుళం అంగుళం కదిలి మిట్టమధ్యాహ్నానికి లోపలికి చేరింది. ముందున్న తలకాయలు పక్కకి జరిగాయి. దీపాల వెలుతురు కనపడింది. ఏడాదంతా ఎదురుచూసిన ఆ చోటు ఎదురుగా వచ్చింది.

జగ్గారావు చేతులు జోడించాడు. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి.

తెలిసి తెరిచేసరికి వెనకనించి జనం తోశారు, "జరగండి, జరగండి" అన్నారు. అతను తల తిప్పి చూడబోయాడు. ఎవరిదో భుజం అడ్డం వచ్చింది, దాని మీద ఒక పసిపిల్లాడి తల, తరవాత గోడ. అంతే. గుడి బయట ఎండలో తేలాడు.

"సూసినావా?" అంది గౌరీశ్వరి, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఈ పాలి నాకు బాగా అగుపించినాడు."

"నాను సూడనేదే. కళ్ళు మూసుకుపోనాయి."

గౌరీశ్వరి ఏదో వేళాకోళం ఆడబోయి అతని మొహం చూసి ఆగిపోయింది. జగ్గారావు మెట్ల పక్కన కూలబడి, జనం చూస్తున్నారని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. లెక్కల మేష్టారు కొట్టినప్పుడు ఏడవలేదు, సీటులోంచి దించినప్పుడు ఏడవలేదు. ఎవడి అవార్డు కోసమో తన కళ్ళు తనే మూసుకుని, అమ్మ ఎత్తి పట్టుకుని ఇచ్చినదాన్ని పోగొట్టుకున్నందుకు ఏడ్చాడు. మళ్ళీ ఏడాది దాకా లేదు. ఏడాదికి ఎవరుంటారో ఎవరు చెప్పొచ్చారు?

మర్నాడు పొద్దున్న క్రేన్ ఎక్కాడు. చొక్కా అంచుతో కెమెరా మీది ధూళి తుడిచాడు. బొత్తాం నొక్కాడు. పటం వచ్చింది. కనుబొమలు నుదుటికెక్కించి, ఉన్న కళ్ళన్నీ తెరిచి, పటం తెర మీద ఉన్నంతసేపూ రెప్ప వేయకుండా చూశాడు. తరవాత మీట పట్టుకుని పనిలో దిగాడు. యంత్రం కుయ్యిమంది.

భీమశంకరరావు పరుగెత్తుకొచ్చి క్రేన్ కింద నించుని, రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని అరిచాడు. "ఏమోయ్ జగ్గారావ్! మళ్ళీ నిద్రపోతున్నావా?"

జగ్గారావు కిటికీ తీసి, అందరికీ కనపడేలా మొహం బయటపెట్టాడు. "నేదు సార్! ఇప్పుడే లెగిసినాను!" అన్నాడు.

భీమశంకరరావు మళ్ళీ దించేయిస్తానన్నాడు. తరవాత ఆఫీసుకెళ్ళి కూర్చుని ఆలోచిస్తే దారి దొరకలేదు. కాగితం పెడితే హైదరాబాదు అడుగుతుంది, అంతా సరిచేశామన్నారు కదా అని. ఎవడూ నిద్రపోని కంపెనీలో మళ్ళీ నిద్రపోయేవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడంటుంది. గోడ మీద శాలువా ఫొటో ఉంది. దానివంక చూసి, కిటికీ తలుపులు వేయించుకున్నాడు.

ఆ యంత్రం బిగించి ఉన్నన్నాళ్ళూ జగ్గారావు క్రేన్ కూస్తూనే ఉంది. పక్క క్రేన్ల కింద కళాసీలు నిమిషానికోసారి తలెత్తి పైకి చూసుకుంటూ పనిచేసేవారు. జగ్గారావు క్రేన్ కింద మాత్రం ఎవరూ తలెత్తేవారు కాదు. కూత వినిపిస్తున్నంతసేపూ పైన ఉన్నది జగ్గన్నేననీ, ఆ మనిషి మేలుకునే ఉన్నాడనీ వాళ్ళకి తెలుసు.